మన యాస వినే యంత్రం

దసరా దాటి దీపావళి వచ్చేసరికి కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో సుగ్గి, అంటే కూలి పనుల వలస, మొదలవుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు కదులుతాయి. ఇంటి దగ్గర చూసుకునే అవ్వాతాతలుంటే పిల్లలు ఊళ్లో ఆగుతారు, లేదా వలస పిల్లల కోసం నడిపే హాస్టల్లో చేరతారు. అదీ కుదరకపోతే తల్లిదండ్రులతో పాటు వాళ్లూ బండెక్కుతారు. తిరిగొచ్చేది ఉగాదికి ముందో వెనకో. సరిహద్దు పల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది కన్నడం. బడిలో తెలుగు, చేతిలో ఇంగ్లీషు పుస్తకం. ఇలా మూడు భాషల మధ్య నడిచే పిల్లకు నడుమ నాలుగైదు నెలలు బడి తప్పిపోతే ముందుగా జారిపోయేది చదువుకునే ధార. అక్షరాలు గుర్తుంటాయి, గుణింతాలూ గుర్తుంటాయి. ఒత్తు దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగిపోతుంది.

భాషను నేర్పడంలో కంప్యూటర్లూ కృత్రిమ మేధా ఏం చేయగలవన్న చర్చ ఎక్కడ జరిగినా, దాన్ని ఈ పిల్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాలని మా అభిప్రాయం.

రాయలసీమకు యంత్రాలు కొత్త కావు. 2008లో కడప జిల్లా ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ పెట్టినప్పుడు పల్లె బడుల్లో పది చదివి వచ్చిన పిల్లల చేతికి లాప్‌టాప్ ఇచ్చి, దాని మీదే పాఠాలు చెప్పారు. 2022 డిసెంబరులో రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. ఆ తర్వాత తరగతి గోడలకు పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. ట్యాబుల్లో పాఠాలు నింపిన బైజూస్ కంపెనీ 2024లో దివాలా విచారణ దాకా వెళ్లింది. పిల్లల పాఠం ఒక వ్యాపారసంస్థ బాగోగుల మీద ఆధారపడి ఉండకూడదన్న సంగతి అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

ఇవన్నీ చూపించే యంత్రాలు. భాష నేర్చుకోవడానికి చూడటం సరిపోదు. పిల్ల నోరు విప్పాలి, ఆ మాట ఎవరో ఒకరు వినాలి. నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి చేత పేజీ చదివించి, తప్పు దిద్ది, మళ్లీ చదివించే తీరిక ఏ టీచరుకూ దొరకదు. వినే యంత్రం వచ్చిందన్న కబురు అందుకే మనసుకు హాయినిచ్చింది. గూగుల్ వాళ్ల ‘రీడ్ అలాంగ్’ అనే యాప్ ఉంది. 2019లో ‘బోలో’ పేరుతో మొదలైంది, తర్వాత తెలుగూ చేరింది. తెర మీది కథను పిల్ల పైకి చదువుతుంటే ‘దియా’ అనే బొమ్మ వింటుంది. చదవలేక ఆగిన మాటను తానే పలికి చూపిస్తుంది. కథలను ఒకసారి దించుకుంటే ఆ తర్వాత నెట్ అవసరం లేదు. మిరప చేను గట్టు మీద అమ్మ ఫోనులోనూ పనిచేస్తుంది. సుగ్గికి పోయిన పిల్లకు ఇది చిన్న సాయమేమీ కాదు.

అయితే యంత్రం వినడమంటే ఏమిటో కాస్త తెలుసుకోవాలి. అది ఇదివరకు విన్న వేల గొంతులను బట్టే కొత్త గొంతును పోల్చుకుంటుంది. టీవీ వార్తల తెలుగూ నగరాల తెలుగూ ఎక్కువగా విని పెరిగిన యంత్రానికి “బడికి పోతాండాం సార్” అనే కడప పిల్ల పలుకు పరాయిదవుతుంది. కన్నడం తగిలిన కోసిగి తెలుగు మరీ పరాయిది. పిల్ల సరిగ్గానే పలికినా తప్పని చూపే ప్రమాదం అక్కడే ఉంది. పెద్దవాళ్లమైతే విసుక్కుని ఊరుకుంటాం. ఏడేళ్ల పిల్ల మాత్రం తప్పు తన నాలుకదే అనుకుంటుంది. మా ఆందోళన అంతా దాని గురించే.

దీనికి మందు మన చేతిలోనే ఉంది. యంత్రానికి మన గొంతులు వినిపించాలి. జనం నుంచి తెలుగు మాటలు గంటల కొద్దీ సేకరించే పని హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ చేసింది. మద్రాసు ఐఐటీలోని ‘ఏఐ4భారత్’ బృందం జిల్లాల వెంట తిరిగి 22 భాషల గొంతులు రికార్డు చేస్తోంది. కేంద్రం 2022లో తెచ్చిన ‘భాషిణి’ అనే భాషల వేదికలో ‘భాషాదాన్’ అనే విభాగం ఉంది. ఎవరైనా ఫోను తీసి ఒక వాక్యం చదివి ఇవ్వొచ్చు, మరొకరు చదివింది సరిగా ఉందో లేదో విని చెప్పొచ్చు. దారి వేసి ఉంది. సీమ గొంతులే దాని మీద నడవాలి.

ఇలాంటి పని తెలుగువాళ్లకు కొత్తా కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం తలపెట్టి జిల్లాల్లోని రైతులను అడిగి సేద్యం మాటలు రాయించారు. 1962లో వ్యవసాయ సంపుటం అచ్చయింది. కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊళ్ల పేర్ల మీదే పరిశోధన చేశారు. ఇంకా వెనక్కి పోతే 1820లో కడపకు వచ్చిన ఇంగ్లీషు అధికారి సి.పి.బ్రౌన్. బంగళాలో పండితులను పెట్టి, సొంత డబ్బుతో జీతాలిచ్చి, ఒకే కావ్యం ప్రతులను నలుమూలల నుంచి తెప్పించి, తేడాలు గుర్తింపజేసి, శుద్ధప్రతి రాయించాడు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఇప్పుడది చికాగో విశ్వవిద్యాలయం సైటులో ఎవరికైనా దొరుకుతుంది. ఒక మాట టైపు చేస్తే చాలు, కడప బంగళాలో మొదలైన శ్రమ ఫలితం తెర మీదికొస్తుంది. ఆ శ్రమ జరక్కపోయి ఉంటే ఏ యంత్రం ఏం చూపగలిగేది?

బడిలో దీన్ని ఎలా చేయొచ్చో చూద్దాం. శనివారం తెలుగు అయ్యవారు ఏడో తరగతి పిల్లలకు ఒక పని ఇస్తారు. ఇంట్లో తాతను కూర్చోబెట్టి, బావి నీళ్లు తోడే కపిల తోలిన రోజుల గురించి మూడు నిమిషాలు చెప్పించి ఫోనులో రికార్డు చేసుకు రావాలి. సోమవారం తరగతంతా వింటుంది. తాత “తోల్తాంటిమి” అన్నాడు. అది ఎలా రాయాలి? ముందు ఆయన పలికినట్టే రాయమంటారు అయ్యవారు. పక్కనే పాఠ్యపుస్తకం పద్ధతిలో “తోలుతుండేవాళ్లం” అని రాయిస్తారు. రెండూ తెలుగే, ఎక్కడ ఏది వాడాలో పిల్లలు అక్కడికక్కడే మాట్లాడుకుంటారు. వినడం, రాయడం, వ్యాకరణం ఒకే గంటలో జరిగిపోతాయి. తాత గొంతు యంత్రాలకు నేర్పే సరుకూ అవుతుంది.

టైపు చేయడం గురించి ఒక మాట. మనలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకుంటాం. పిల్లలకు అది నేర్పకూడదు. తెలుగు రాయడానికి ఇంకో లిపి గుండా పోవడమెందుకు? 1991 నుంచీ యూనికోడ్‌లో తెలుగుకు సొంత చోటుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు ఎడమవైపు, హల్లులు ఎక్కువగా కుడివైపు ఉంటాయి. ‘కర్నూలు’ అని కొట్టాలంటే క, ర, పొల్లు, న, ఊత్వం, ల, ఉత్వం – ఏడు మీటలు. ర తర్వాత పొల్లు కొట్టి న నొక్కగానే ఒత్తు దానంతటదే కిందికి దిగుతుంది. ఒత్తు దగ్గర ఆగిపోయే పిల్లకు అక్షరం ఎలా కట్టుకుంటుందో కళ్లెదుట కనబడుతుంది. పలకా బలపం చేయలేని ఈ ఒక్క పని కంప్యూటరు చేస్తుంది. రాయడం మాత్రం చేత్తోనే నేర్పాలి, అందులో మాకు రెండో ఆలోచన లేదు.

ఇవన్నీ టీచరు ఉంటేనే. ఒకే అయ్యవారు ఐదు తరగతులూ చూసే బడికి ట్యాబు పంపి చేతులు దులుపుకుంటే, అది బీరువాలో ఛార్జింగు లేక పడి ఉంటుంది. కన్నడం ఇంటి భాషైన పిల్లలకు కన్నడం, తెలుగు రెండూ వచ్చిన టీచరు కావాలి. యంత్రం ఎన్ని అనువాదాలు చేసినా ఆ అవసరం తీరదు.

గొంతులు సేకరించేటప్పుడు జాగ్రత్త అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మొదట పెద్దల గొంతులతో మొదలుపెట్టడం మేలు, అదీ వాళ్లకు విషయం చెప్పి, ఒప్పించి. రికార్డులు ఏ కంపెనీ సర్వరులోనో కాక మన దగ్గరే ఉండాలి. అందుకు చోటూ ఉంది. కడపలో ఒకప్పుడు బ్రౌన్ బంగళా ఉన్న ఎర్రముక్కపల్లెలోనే యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. తాళపత్రాలు, పాత పుస్తకాలు దాచే ఆ కేంద్రంలో ఒక గదిని గొంతులకు కేటాయించి, కడప, కర్నూలు జిల్లాల తెలుగు పండితులను వచ్చే వేసవి సెలవుల్లో పిలిచి, పది బడులతో ఈ పని మొదలుపెట్టాలని విద్యాశాఖనూ విశ్వవిద్యాలయాన్నీ కోరుతున్నాం.