బాడీ మారింది... బండి అదేనా?

‘సన్‌సెట్ బులవార్డ్’ (1950) చూశారా? చూడకపోతే ఈసారి అవకాశం దొరికినప్పుడు వదలకండి. బిల్లీ వైల్డర్ డైరెక్షన్. అందులో గ్లోరియా స్వాన్సన్ ఒకప్పటి మూకీల తార నార్మా డెస్మండ్. జనం ఆవిణ్ణి ఏనాడో మర్చిపోయారు. అలాంటిది ఓ రోజు పారమౌంట్ స్టూడియో నుంచి ఫోన్ వస్తుంది. ఇంకేముంది! సెసిల్ బి. డిమిల్ తనని మళ్ళీ హీరోయిన్‌గా బుక్ చేస్తున్నాడనుకుని మురిసిపోతుంది. సింగారించుకుని, తన పాత ఇసోటా ఫ్రాస్కీనీ కారులో దర్జాగా స్టూడియోకి వెళుతుంది. తీరా చూస్తే వాళ్ళకి కావలసింది ఆవిడ కాదు, ఆవిడ కారు! సినిమాకి అద్దెకి దొరుకుతుందేమోనని ఫోన్ చేశారు.

ఆ సీను చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది. అందుకు నా కారణం ఒకటుంది, తర్వాత చెబుతాను. ఆ కారు మాత్రం నిజంగా గొప్ప బండే. 1929 నాటి ఇటలీ సరుకు. ఇప్పుడు టురిన్ నగరంలోని మ్యూజియంలో ఉంది. డ్రైవరు మాక్స్ వేషం వేసిన ఎరిక్ ఫాన్ స్ట్రోహైమ్‌కి డ్రైవింగ్ రాదట. తాడు కట్టి కారుని లాగిస్తుంటే ఆయన స్టీరింగ్ పట్టుకుని గంభీరంగా కూర్చున్నాడట!

ఇంతకీ ఇంజను కట్టింది ఇసోటా కంపెనీ. పైన బాడీ కట్టింది వేరే వాళ్ళు, మిలాన్ నగరంలోని కస్టాన్యా అనే సంస్థ. ఒక కారుకి ఇద్దరు కర్తలేమిటంటారా? అక్కడే ఉంది అసలు కథ.

హైవే మీద బాడీ లేని కొత్త లారీలు బారులు తీరి పోతుంటే చూసే ఉంటారు. డ్రైవరు మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఉత్త ఛాసిస్ మీద కూర్చుని ఎండలో నడుపుతుంటాడు. ఆ ఛాసిస్ మన బెజవాడ ఆటోనగర్‌కి చేరాక చెక్కపని వాళ్ళు, రేకుపని వాళ్ళు, పెయింటర్లు కలిసి దానికో రూపం ఇస్తారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోల్స్ రాయిస్ పద్ధతీ అదే! కంపెనీ అమ్మేది ఛాసిస్, ఇంజను, ముందు రేడియేటరు. అంతే. బాడీ కావాలంటే కొన్నవాడు బార్కర్‌కో, హూపర్‌కో, మల్లినర్‌కో వేరే ఆర్డరు ఇచ్చుకోవాలి. వాళ్ళు కర్రతో చట్రం కట్టి, పైన లోహపు రేకులు తొడిగి, తోలు సీట్లు వేసి ఇచ్చేవారు.

ఛాసిస్ ముప్ఫై నలభై ఏళ్ళు నిక్షేపంగా ఉండేది. బాడీ సంగతి అలా కాదు. కర్ర పుచ్చుతుంది, రేకు చిల్లులు పడుతుంది, అన్నిటికన్నా ముందు ఫ్యాషన్ మారుతుంది. దాంతో యజమాని పాత బాడీ ఊడదీసి కొత్తది కట్టించేవాడు. హీరోగారు పాత్ర పాత్రకీ విగ్గు మార్చినట్టన్నమాట! కొన్ని బండ్ల బతుకు మరీ విచిత్రం. లార్డుగారిని మోసిన లిమోసిన్ ముసలిదయ్యాక శవాల బండి అయ్యేది. ఆ తర్వాత ఎవరో సరదాపరుడు దాన్ని కొని, ఆ పెట్టె పీకేసి, టాపు లేని స్పోర్ట్స్ బండిగా మార్చేసేవాడు. మరి ఇప్పుడు దాని ఖరీదెంత? అసలు అది ఏ కారు? పాతకార్లు సేకరించేవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకుచచ్చే ప్రశ్న ఇదే.

బాడీ మారితే విలువ పోతుందని కొందరి వాదం. అలాంటివాళ్ళకి నేను లాస్ ఏంజలిస్‌లోని పీటర్సన్ మ్యూజియంలో ఉన్న ‘గుండ్రటి తలుపుల రోల్స్’ని చూపిస్తాను. 1925లో ఆ ఫాంటమ్‌కి హూపర్ వాళ్ళు మామూలు కాబ్రియోలే బాడీ కట్టారు. ఆర్డరిచ్చిన అమెరికా ఆవిడ కారు తీసుకోలేదు. అది మన దేశంలోని నాన్‌పారా రాజాగారి చేతికొచ్చింది. చేతులు మారి మారి 1934లో బెల్జియంలోని జాంకీర్ అనే బాడీ కంపెనీకి చేరింది. వాళ్ళు పాతది తీసేసి, పూర్ణచంద్రుడి లాంటి గుండ్రటి తలుపులు, వెనక్కి వాలిన రేడియేటరు, వెనక చేప రెక్క లాంటి రేకు పెట్టి సుమారు ఇరవై అడుగుల పొడవున ఓ వింత జంతువుని తయారు చేశారు. తర్వాత ఆ బండి అమెరికాలో దిక్కులేకుండా పడి ఉంటే, ఒకాయన బాగుచేయించి, బంగారు రంగు పూయించి, డబ్బులు తీసుకుని జనానికి చూపించాడు. 2001లో మ్యూజియం వాళ్ళు కొన్నారు. ఇప్పుడు నల్లగా నిగనిగలాడుతోంది. ఆ మొదటి బాడీతోనే ఉండిపోతే అది వందల ఫాంటమ్‌లలో ఒకటి. బాడీ మారబట్టే ప్రపంచంలో ఒకే ఒక్కటయింది!

అయితే బాడీ ఎవరు మార్చినా ఫరవాలేదా? ఊహూఁ. ఇక్కడ నా పాపం ఒకటి చెప్పుకోవాలి.

అప్పట్లో నేను మద్రాసులో ఓ కంపెనీలో అసిస్టెంట్ డైరెక్టర్ల వరసలో ఆఖరివాణ్ణి. జమీందారు కథ. పాత కారు కావాలన్నారు. వెతగ్గా వెతగ్గా ఓ పెద్దాయన ఇంట్లో దొరికింది. యుద్ధానికి ముందు నాటి ఇంగ్లీషు కారు. మూసిన బాడీ, మద్రాసులోనే సింప్సన్ వాళ్ళు కట్టింది. తలుపు తీస్తే గుమ్మం మీద చిన్న ఇత్తడి బిళ్ళ కనిపించేది. రెండురోజుల షూటింగ్ బాగానే జరిగింది. మూడోరోజు డ్యూయట్. హీరోయిన్ కారులో నిలబడి పైట ఎగరెయ్యాలి. టాపు అడ్డం!

‘‘కోయించెయ్యవోయ్, ఇనప రేకే కదా’’ అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు. పెద్దాయన్ని ఒప్పించే పని నా నెత్తిన పడింది.

ఆయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. కూతురి పెళ్ళి కుదిరిందనీ, ఇంకా డబ్బు సమకూరలేదనీ నాకు ముందే తెలుసు. ఆ సంగతి తెలిసే మాట్లాడాను. చాలాసేపు ఆగి ఒకే మాట అడిగాడు.

‘‘మళ్ళీ అతికించి ఇస్తారు కదా బాబూ?’’

‘‘తప్పకుండా అండీ’’ అన్నాను.

కోశారు. ఆ టాపు స్టూడియోలో ఫ్లోరు వెనకాల వానలో నానుతూ పడి ఉండేది. అతికించినవాడు లేడు. తర్వాత ఎవరో బేరగాడు కొన్నాడని, కొత్తగా టూరర్ బాడీ కట్టి ‘ముందునుంచీ ఇంతే’ అని అమ్మేశాడని విన్నాను. ఇంకో ముచ్చట వినండి. సినిమా నిడివి ఎక్కువైందని ఆ పాటే ఎత్తేశారు!

నార్మా డెస్మండ్ కారు చూస్తే నాకెందుకు కలుక్కుమంటుందో ఇప్పుడు అర్థమైందా?

ఆ రోజుల్లో నాకు తెలియదు కానీ, ఇదే పని సీమలోనూ జోరుగా సాగింది. బెంట్లీ 8 లీటర్ కార్లు తయారైనవే 100. వాటిలో ఎక్కువ భాగం బరువైన మూసిన బాడీలే. టాపు లేని బండికి గిరాకీ ఎక్కువని చాలా వాటి బాడీలు పీకేసి, రేసు కార్ల వేషం వేశారు. ఇవాళ అసలు బాడీతో మిగిలిన ముసలి సెలూన్ కనబడితే తెలిసినవాళ్ళు కళ్ళకద్దుకుంటున్నారు.

సరే, మార్పుకి హద్దెక్కడ? ఈ తగువు కోర్టుకే ఎక్కింది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ 1929లో, 1930లో ఫ్రాన్స్‌లోని లె మాన్ రేసు గెలిచింది. రేసు రేసుకీ దాని భాగాలు మారుతూ వచ్చాయి. 1932లో అందులో 8 లీటర్ ఇంజను పెట్టారు. ఆ ఏడే బ్రూక్‌లాండ్స్ రేసులో అది ట్రాక్ అంచు దాటి పల్టీ కొట్టింది. నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. ఆయన భార్య సినీనటి జేన్ బాక్స్‌టర్. ఆ శిథిలాన్ని మళ్ళీ కట్టి, కూపే బాడీ వేసి, రోడ్డు మీద తిప్పారు.

చాలా ఏళ్ళకి ఆ బండి బేరానికొచ్చింది. ధర ఎంతనుకున్నారు? కోటి పౌండ్లు! బేరం కుదిరాక కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. ‘‘ఇందులో 1929 నాటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఇది అసలు బండే కాదు’’ అన్నారు. 1990లో లండన్ హైకోర్టులో జడ్జి ఆటన్‌గారు బోల్టు బోల్టూ విచారించారు. మొదట పుట్టిన రూపం ఇది కాదు, నిజమే. కానీ ఎక్కడో పోగుచేసిన సామానుతో కొత్తగా కట్టిందీ కాదు. మొదటినుంచి ఈనాటి దాకా దీని చరిత్ర ఎక్కడా తెగలేదు, ఆ పేరు చెప్పుకునే బండి ఇంకొకటి లేదు, కనుక ఇదే ‘ఓల్డ్ నంబర్ వన్’ అన్నది తీర్పు సారాంశం. చూశారా! కోటి పౌండ్లు నిలబడింది ఇనుము మీద కాదు, తెగని కథ మీద.

కథ తప్పయితే? అదీ జరిగింది. ఆ లె మాన్ విజేతల్లో ఒకడైన ఊల్ఫ్ బర్నాటో 1930 మార్చిలో పందెం కాసి, ఫ్రాన్స్‌లోని కాన్ నుంచి ‘బ్లూ ట్రెయిన్’తో పోటీపడ్డాడు. రైలు కాలే రేవుకి చేరేలోగా తాను ఏకంగా లండన్‌లో ఉన్నాడు. దశాబ్దాల పాటు అందరూ గర్నీ నటింగ్ వాళ్ళ బాడీ ఉన్న ఆయన అందాల కూపేనే ఆ బండి అనుకున్నారు. బొమ్మలు కూడా వేసేశారు. తీరా కాగితాలు తిరగేస్తే ఆ కూపే పూర్తయిందే రేసు అయ్యాక! పరిగెత్తింది మల్లినర్ బాడీ ఉన్న సాదాసీదా సెలూన్. హీరో అనుకున్నవాడు డూపు, డూపు అనుకున్నవాడు హీరో!

అందుకే ఈ సరదా ఉన్నవాళ్ళు రంగు చూసి మోసపోరు. ముందు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, బాడీ నంబరు చూస్తారు. కంపెనీ పాత రికార్డుల్లో ఆ ఛాసిస్‌కి మొదట ఎవరు ఏ బాడీ కట్టారో సరిచూస్తారు. రోల్స్ రాయిస్ అభిమానుల సంఘం ఇంగ్లండులో ఆ కాగితాలు భద్రంగా దాచింది. అసలు బాడీ ఉంటే మొదటి పీట. ఆ కాలంలోనే పేరున్నవాళ్ళు మార్చి ఉంటే దానికీ మర్యాద ఉంది, ఒక్కోసారి గుండ్రటి తలుపుల బండిలా అసలు దాన్నే మించిపోతుంది. నిన్నగాక మొన్న కట్టించి ‘ఇది 1930 నాటిది’ అంటేనే తంటా.

మన సినిమా భాషలో చెప్పాలంటే, ‘మాయాబజార్’ (1957)కి రంగులద్ది 2010లో విడుదల చేశారు. హాయిగా చూశాం. ఎందుకంటే ఇది 1957లోనే రంగుల్లో తీశారని ఎవరూ బొంకలేదు. మార్చడం తప్పు కాదు, మార్చి దాచడం తప్పు.

హైదరాబాద్ వెళితే చౌమహల్లా పాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ని చూడండి. బార్కర్ వాళ్ళు కట్టిన బాడీ. వెనక నిజాం ప్రభువు కోసం సింహాసనం లాంటి సీటు. ఆర్డరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో కన్నుమూశారు. ఆ బండి తిరిగింది కొన్ని వందల మైళ్ళే. దానికి వేషాలు మార్చే అవసరం రాలేదు. అదృష్టవంతురాలు!

నా దగ్గర మాత్రం ఒక స్టిల్ మిగిలింది. టాపు కోసే ముందురోజు మా స్టిల్ ఫోటోగ్రాఫరు తీసింది. మూసిన బాడీ, తెరిచిన తలుపు, గుమ్మం మీద ఇత్తడి బిళ్ళ స్పష్టంగా కనిపిస్తాయి. నంబరు ప్లేటు కూడా. ఆ బండి ఎక్కడో ఒకచోట బతికే ఉంటే, అది ఒకప్పుడు ఏమిటో చెప్పే సాక్ష్యం ఈ ఒక్క ఫోటోనే. దాని ప్రస్తుత యజమాని ఎవరైనా సరే, ఫోటో ఉచితంగా ఇస్తాను. పెద్దాయనకి ఇచ్చిన మాటలో చారెడైనా తీరుతుంది.

మీ ఇంట్లో కూడా తాతగారు కారు పక్కన మీసం మెలేస్తూ తీయించుకున్న పాత ఫోటో ఉందేమో చూడండి. కారు పోయి ఉండొచ్చు. ఫోటో పారెయ్యకండి. వెనక ఏడాది, ఊరు రాసి దాచండి. ఎవరి బండికో అదే జాతకం కావచ్చు.

వచ్చేవారం కలుద్దాం.