మారా అనమన్న నయోమి

కష్టంలో ఉన్న ఆడమనిషితో "దేవుని చిత్తం అమ్మా, ఏడవకు" అనడం నాకు నచ్చదు. మా అత్తగారూ అంటారనుకోండి, ప్రేమతోనే.

1996 నవంబరు 6 తుఫానుకి ఆలమూరులో మా దొడ్లో కొబ్బరిచెట్లు కూలిపోయాయి. అమ్మ ఏడ్చింది, ఎందుకిలా చేశావని దేవుణ్ణే అడిగింది. అది అవిశ్వాసమని ఎవరో గొణిగారు. భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకుని బేత్లెహేముకి తిరిగొచ్చిన నయోమి, తన బతుకు చేదైందని, ఇక మారా అని పిలవమని ఊరి ఆడవాళ్ళకి చెప్పుకుంది. అందుకు దేవుడు ఆమెను గద్దించినట్టు రూతు గ్రంథంలో ఎక్కడా లేదు. ఆమె వచ్చిన వేళకి యవలకోత మొదలైందని మాత్రం ఉంది.

అమ్మ ఏడుపు ఇంకా తగ్గలేదు. అయినా కొత్త మొక్కలకి గోతులు తీయించింది, కాపుకి ఆరేడేళ్ళు పడుతుందని తెలిసీ.