సైంటిస్టుకు మీసం ఎందుకు?

ప్రియమైన చెల్లెళ్ళారా!

మన కట్టంగూర్ హాస్టల్ వార్షికోత్సవ నాటికలో ఒకసారి నాది సైంటిస్టు వేషం. అక్కలు కాటుకతో మీసం దిద్దారు. ఎందుకని నేనూ అడగలేదు. సైంటిస్టంటే మగవాడే అనుకున్నాం. మనకు సినిమాలు నేర్పింది అదే కదా!

1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ‘ఆదిత్య 369’ నాకిప్పటికీ ఇష్టమే. కాలయంత్రం రాయల కాలానికీ, 2504కీ వెళ్ళింది. కానీ యంత్రం చేసింది ప్రొఫెసర్, సాహసాలు హీరోవి. ప్రొఫెసర్ కూతురు హేమకు ఎక్కువగా మిగిలింది ప్రేమా, పాటలే.

2024లో ‘కల్కి 2898 ఏ.డి.’ వచ్చింది. అందులో ప్రయోగశాలలోని ఆడవాళ్ళకు పేర్లుండవు, నంబర్లే. ఆ దుర్మార్గాన్ని సినిమా ఖండించింది, నిజమే. పోరాడే కైరా కూడా ఉంది. అయినా సుమతి విలువంతా కడుపులోని బిడ్డతోనే. 874 ఏళ్ళు ముందుకు పోయినా మన కథ అక్కడే ఆగాలా?

కెమెరా మగవాడి చూపుతో చూస్తుందని లారా మల్వీ అనే బ్రిటిష్ విమర్శకురాలు 1975లోనే రాసింది.

సినిమా ముచ్చటే కదా అని తీసెయ్యకండి. పదో తరగతి కాగానే పెళ్ళి మాటలు వినే పిల్లలు మనలో ఉన్నారు. ఎన్నడూ చూడని పనిని కలగనడం కష్టం. నిజానికి 2019లో చంద్రయాన్-2 ప్రాజెక్టు డైరెక్టరు ఎం.వనిత. 2021లో తెలుగమ్మాయి బండ్ల శిరీష రోదసి అంచు చూసొచ్చింది. సినిమాలే వెనకబడ్డాయి.

వచ్చే ఏడు నాటిక వేస్తే సైంటిస్టు వేషం తప్పక పెట్టండి. మీసం మాత్రం వద్దు.

– మీ పూర్వ విద్యార్థిని