పశుశక్తితో తిరిగే యంత్రాలు: దిద్దుకోవలసిన లెక్క

తెలుగునాట మోటారు కొనబోయే రైతు మొదట అడిగేది ‘ఎన్ని హెచ్‌పి’ అనే. ఆ రెండక్షరాల వెనుక ఒక గుర్రం ఉన్నదన్న సంగతి అమ్మేవారికీ కొనేవారికీ గుర్తుండదు. ఈ ప్రాంతంలో గుర్రం బండి లాగింది, స్వారీకి పనికివచ్చింది. అరక దున్నిన సందర్భం మాత్రం అరుదు. అయినా మన బోరు మోటార్లన్నీ గుర్రాల లెక్కలోనే అమ్ముడవుతున్నాయి. 18వ శతాబ్దం చివరి దశకాల్లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేయగలదో కొనుగోలుదారులకు నచ్చజెప్పవలసి వచ్చి, మిల్లుల్లో దూలానికి కట్టబడి చక్రాన్ని తిప్పే గుర్రాల పనిని ఆధారం చేసుకొని, నిమిషానికి 33,000 అడుగు-పౌండ్లు అని ఒక ప్రమాణాన్ని స్థిరపరిచాడు. నేటి కొలతల్లో అది 746 వాట్లు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ కొలమానం చాలులో నేరుగా నడిచే గుర్రం నుంచి పుట్టినది కాదు. వలయంలో తిరుగుతూ యంత్రాన్ని నడిపిన గుర్రం నుంచి పుట్టినది.

అటువంటి గుర్రపు చక్రాలకు వ్యవసాయంలో పెద్ద గిరాకీ తెచ్చినది నూర్పిడి యంత్రం. స్కాట్లండులో ఆండ్రూ మైకిల్ 1786లో రూపొందించిన నూర్పిడి డ్రమ్ము వేగంగా తిరిగితేనే గింజ రాలుతుంది. గుర్రం నడకేమో నెమ్మది. ఈ రెంటి నడుమనున్న అంతరాన్ని పూడ్చడానికి పళ్ళ చక్రాల వరుసలు వచ్చాయి. గుర్రాలు తిరిగేందుకు కళ్ళపు కొట్టాలను ఆనుకొని గుండ్రటి పాకలు వెలిశాయి. 19వ శతాబ్దంలో అమెరికా రైతులు అనేక జతల గుర్రాలను ఒకే చట్రానికి కట్టి నూర్పిడి సాగించారు. నేల మీద సాగే పొడవాటి ఇరుసును గుర్రాలు ప్రతి చుట్టులోనూ దాటుకుంటూ నడిచేవి. ఆవిరి యంత్రమూ, ఆ తరువాత ట్రాక్టరూ వచ్చి ఆ వ్యవస్థను తుడిచిపెట్టాయి. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతపు ఎమిష్ రైతులు మాత్రం పొలంలో ట్రాక్టరు వాడకుండా గుర్రాలనూ కంచర గాడిదలనూ నిలుపుకున్నారు. వారు చేసిన మార్పు ఆలోచింపదగినది. గడ్డిమోపులు కట్టే యంత్రాన్ని గుర్రాల చేత లాగిస్తారు. అందులోని కట్టే భాగాన్ని తిప్పడానికి యంత్రం మీదనే చిన్న ఇంజను బిగిస్తారు. తక్కువ శక్తి చాలే పనిముట్లకు బండి చక్రాల కదలిక నుంచే ఇరుసు తిప్పే ముందుబండ్లు కూడా వారి వద్ద ఉన్నాయి. లాగడం పశువు పని, వేగంగా తిప్పడం ఇంజను పని అన్న విభజన అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

మన దేశంలో ఎడ్ల చేత ఇరుసు తిప్పించి యంత్రాలు నడిపించే ప్రయత్నాలు కొన్ని దశాబ్దాలుగా సాగుతున్నాయి. ప్రదర్శనలో ఇటువంటి యంత్రం తిరుగుతుంటే చూడ ముచ్చటగా ఉంటుంది. ప్రదర్శన ముగిశాక ఆ యంత్రం షెడ్డు చేరి తుప్పు పట్టడం తరచుగా జరిగే పని. దీనికి రైతుల అనాసక్తినో నిధుల లేమినో కారణంగా చెప్పడం పరిపాటి. అసలు కారణం ఎద్దు నడకకూ యంత్రపు వేగానికీ మధ్యనున్న లెక్కలో ఉన్నది.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. జతకు 800 కిలోల బరువున్న ఎడ్లు తమ బరువులో పదోవంతు, అంటే 80 కిలోల లాగుడు బలాన్ని నిలకడగా చూపగలవు. సెకనుకు 0.7 మీటరు నడకతో లెక్కిస్తే లభించే శక్తి సుమారు 550 వాట్లు, అంటే ముప్పావు హెచ్‌పి. సెకనుకు మీటరు చొప్పున నడిచే 450 కిలోల గుర్రం తన బరువులో ఎనిమిదో వంతుకు కొంచెం తక్కువ బలంతో లాగితే ఒక్కటే దాదాపు అంత శక్తినిస్తుంది. ఐతే గుర్రానికి మెరుగైన మేత, దాణా కావాలి. ఎద్దు వరిగడ్డితో, చొప్పతో నెగ్గుకొస్తుంది. తెలుగు రైతు ఎద్దును ఎంచుకోవడంలో ఛాందసం లేదు, మేత లెక్క ఉన్నది.

ఇప్పుడు ఆ ఎడ్లను 3.5 మీటర్ల పొడవున్న దూలానికి కట్టి తిప్పితే ఒక చుట్టుకు 22 మీటర్లు నడవాలి, అంటే సుమారు 31 సెకన్లు. నడిమి ఇరుసు నిమిషానికి రెండు చుట్లయినా పూర్తిగా తిరగదు. ఆ ఇరుసు మీద పడే టార్క్ మాత్రం 2,750 న్యూటన్ మీటర్లు. 1,440 చుట్ల వేగంతో తిరిగే ఒక హెచ్‌పి మోటారు ఇరుసు మీద ఉండేది కేవలం 5 న్యూటన్ మీటర్లు. శక్తిలో మోటారు కంటే తక్కువైన జోడెడ్లు, మెలిపెట్టే బలంలో దానికి ఐదు వందల రెట్లకు పైబడి ఉన్నాయన్నమాట. గ్రామీణ కార్ఖానాలో చేసిన మొదటి పళ్ళ చక్రం నెలలో విరగడానికి కారణం ఇదే. దూలం పొడవు పెంచితే పశువుకు మలుపు సులువవుతుంది కాని చుట్లు తగ్గుతాయి, టార్క్ ఇంకా పెరుగుతుంది. కురచ చేస్తే చుట్లు పెరుగుతాయి. లోపలి ఎద్దు మెడ మీద కాడి ఏటవాలుగా ఒరుసుకొని పుండు పడుతుంది.

చేతితో తిప్పే చొప్ప కత్తిరింపు యంత్రానికి నిమిషానికి 50 చుట్లు కావాలనుకుంటే వేగాన్ని 26 రెట్లు పెంచాలి. నూర్పిడి డ్రమ్ముకు 500 చుట్లు కావాలంటే 260 రెట్లు. 1,500 చుట్ల జనరేటరుకైతే దాదాపు 800 రెట్లు. వేగం పెంచే ప్రతి మెట్టు దగ్గరా కొంత శక్తి వేడిగానూ చప్పుడుగానూ పోతుంది. మెట్టుకు నూటికి పది వంతులు పోతుందనుకున్నా నాలుగు మెట్లు దాటేసరికి మిగిలేది 66 వంతులు. పదిహేను వంతులు పోతే సగం మాత్రమే మిగులుతుంది. పదును లేని పళ్ళు, జారే బెల్టు, నూనె చూడని బేరింగు ఉన్నచోట పదిహేను అన్నది ఎక్కువ చెప్పినట్లు కాదు.

ఎడ్లతో కరెంటు తీయాలన్న ఉత్సాహాన్ని ఈ లెక్క ముందు నిలబెట్టి చూడాలి. జోడెడ్లు నాలుగు గంటలు తిరిగితే మొత్తం వచ్చే పని రెండు యూనిట్ల కరెంటుకు కొంచెం ఎక్కువ. గేర్లు, జనరేటరు తినగా దక్కేది ఒక యూనిటుకు అటూ ఇటూ. రెండు ఎడ్లను, వాటి వెంట ఒక మనిషిని పూటంతా తిప్పి ఒక యూనిటు సంపాదించే పద్ధతిని పరిశోధన అని పిలవడం కష్టం. కరెంటు తీగ చేరిన చోట, వ్యవసాయానికి అది ఉచితంగా అందుతున్న రాష్ట్రాల్లో, నీరు తోడడానికి ఎడ్లను మళ్ళీ తేవాలన్న మాట కూడా ఇటువంటిదే. మోట కొట్టిన తరం ఆ పనిని సంతోషంగా వదిలింది.

అలాగని పశువుతో తిరిగే యంత్రమే వ్యర్థమని తేల్చితే, మన పాత పనిముట్లు చెప్పే మాటను విననట్లే. గానుగలో దూలం ఒక చుట్టు తిరిగితే రోకలి రోలులో ఒక చుట్టు తిరుగుతుంది. మధ్యలో గేరు లేదు. నిలువు రోలర్ల చెరకు గానుగలోనూ దూలం బిగించినది నేరుగా రోలరుకే. ఆ వడ్రంగులు ఎద్దు వేగాన్ని పెంచే తంటాలు పడలేదు. నెమ్మదిగా, బలంగా తిరగవలసిన పనిని వెతికి ఎద్దుకు అప్పగించారు. నూనె పిండడానికి, చెరకు నలపడానికి కావలసినది వేగం కాదు, ఒత్తిడి. 2,750 న్యూటన్ మీటర్ల టార్క్ అక్కడ దోషం కాదు, సొత్తు. (నేడు పట్టణాల్లో ఎద్దు గానుగ నూనె పేరుతో అమ్మే కొన్ని దుకాణాల వెనుక తిరుగుతున్నది మోటారే, ఆ పేరుకున్న విలువనైతే వ్యాపారులు బాగానే గుర్తించారు.)

కాబట్టి యంత్రపు వేగానికి పశువును ఎక్కించే ప్రయత్నం మాని, పశువు నడకకు దగ్గరగా ఉండే పనులను ఎంచుకోవాలి. వాటిలో ఒకటి రాయలసీమలోనూ, పాలమూరు ప్రాంతంలోనూ కళ్ళెదుటే ఉన్నది. విత్తనపు వేరుశనగను నేటికీ చాలామంది రైతులు చేతితోనే ఒలిపిస్తారు. వేగంగా తిరిగే యంత్రంలో గింజ బద్దలవుతుంది, పైపొర చిట్లుతుంది, మొలక శాతం పడిపోతుంది. ఎకరాకు 60 కిలోల గింజ కావాలంటే, ఒలుపు నూటికి 70 వంతులనుకున్నా, 85 కిలోలకు పైగా కాయ ఒలవాలి. ఈ పని అధికభాగం స్త్రీల వేళ్ళ మీద, విత్తే అదనుకు ముందు కొద్ది రోజుల్లోనే పడుతుంది. ఊగే పలకతో పనిచేసే చేతి ఒలుపు యంత్రాలు ఉన్నాయి. వాటికి గింజ నష్టం తక్కువ, కాని ఊపే మనిషి కాసేపటికే అలసిపోతాడు. నిలకడగా పనిచేసే మనిషి ఇవ్వగలిగినది 75 వాట్లకు మించదు. జోడెడ్ల 550 వాట్లలో మూడు మెట్ల నష్టం తీసివేసినా 400 వాట్లు మిగులుతాయి. అటువంటి ఐదు చేతి యంత్రాలను ఒకే ఇరుసు మీద, అదే నెమ్మది ఊపుతో నడపవచ్చు. ఇక్కడ పోటీ మోటారుతో కాదు, మనిషి చేతితో. పోలిక సరిగా పెట్టుకుంటే ఎద్దు నెగ్గే చోట్లు ఉన్నాయి. లైను చేరని పొలం కొట్టాల్లో చొప్ప కత్తిరించడం మరొకటి.

దీని వెనుక మరొక ప్రశ్న ఉన్నది. పత్తి, కంది చాళ్ళ నడుమ గుంటక తోలడానికి ఎడ్ల జతను మించిన సాధనం చిన్న రైతుకు నేటికీ లేదు. ఐతే జతకు సంవత్సరం పొడవునా మేత కావాలి, పని మాత్రం కొన్ని వారాలే. ఆ లెక్క కుదరకనే జతలు సంతకు పోతున్నాయి. జత పోయిన ఇంట గుంటక అద్దెకు తేవాలి. వాన వెలిసి నేల పదునెక్కిన రెండు మూడు రోజుల్లో అద్దె అరక దొరకదు. దొరకని చోట కలుపు మందు డబ్బా వస్తుంది. వేసవిలో ఒలుపుకో కత్తిరింపుకో ఇరవై ముప్పై పని దినాలు చేరితే జతను నిలుపుకోవాలా వద్దా అన్న నిర్ణయం మారవచ్చు. ఈ యంత్రాలకు సస్యశాస్త్రంతో ఉన్న సంబంధం ఇదే. దీన్ని కేవలం ఇంజినీరింగ్ విభాగపు వ్యవహారంగా చూడడం పొరపాటు.

పటాన్‌చెరు ఇక్రిశాట్ క్షేత్రంలో జరిగినదాన్ని ఇక్కడ మరువరాదు. ఫ్రెంచి రూపకర్త జాన్ నోల్ రూపొందించిన ట్రాపికల్టర్ అనే చక్రాల బహుళ పనిముట్టును అక్కడ నల్లరేగడి భూముల్లో ఎత్తు మడుల సాగు కోసం దీక్షగా పరీక్షించారు. ఒకే చట్రం మీద దున్నడం, విత్తడం, గుంటక తోలడం, బండిగా వాడడం అన్నీ సాధ్యమయ్యాయి. పరిశోధనా క్షేత్రంలో అది చక్కగా పనిచేసింది. రైతులు తీసుకోలేదు. ఇటువంటి పనిముట్ల చరిత్రను వివిధ దేశాల అనుభవంతో పరిశీలించి 1988లో పాల్ స్టార్కీ వెలువరించిన గ్రంథం పేరులోనే తీర్పు ఉన్నది: పరిపూర్ణమైనవి, అయినా తిరస్కృతమైనవి. ధర ఎక్కువ, బరువు ఎక్కువ. ఒక పని నుంచి మరో పనికి మార్చడం తలనొప్పి. ఒక్క భాగం చెడితే అన్ని పనులూ ఆగుతాయి. గేర్ల పెట్టె నడిమిగా పెట్టుకొని పది యంత్రాలు నడపాలనే నేటి నమూనాలు అదే దారిన పోతున్నాయి.

పల్లె మేస్త్రీ చేతికి దొరికేవాటితో మొదలుపెట్టడం మేలు. పాత జీపు, లారీల డిఫరెన్షియల్ ఎంత టార్కునైనా తట్టుకొనేలా చేసినది. అది తుక్కు అంగడిలో దొరుకుతుంది. నిలువు తిరుగుడును అడ్డంగా మళ్ళించి వేగాన్ని నాలుగైదు రెట్లు పెంచుతుంది. ఇందులో తరచు జరిగే తప్పు ఒకటున్నది. ఒక పక్క ఇరుసును కదలకుండా బిగించి రెండో పక్కను దూలంతో తిప్పితే లోపలి చిన్న గేర్ల వల్ల వేగం పెంపు సగానికి పడిపోతుంది. ఆ చిన్న గేర్లను వెల్డింగుతో బిగించి రెండు ఇరుసులూ కలిసి తిరిగేటట్లు చేస్తే పూర్తి పెంపు దక్కుతుంది. వెల్డింగు పనికి పట్టేది ఒక పూట. దానివల్ల ఒక మెట్టు గేర్లు తగ్గుతాయి.

అంతకంటే ముఖ్యమైనవి పశువు ప్రాణానికి సంబంధించిన రెండు భాగాలు, నమూనాల్లో చాలాసార్లు కనిపించనివి. ఎడ్లు హఠాత్తుగా ఆగితే వేగం మీదున్న బరువు చక్రం దూలాన్ని ముందుకు తోసి వాటి వెనుక కాళ్ళకు కొడుతుంది. సైకిలు ఫ్రీవీలు వంటి ఏర్పాటు ఇరుసు మీద ఉంటే యంత్రం తన దారిన తిరిగి ఆగుతుంది, దూలం కదలదు. అలాగే యంత్రంలో చొప్ప ఇరుక్కున్నప్పుడు ఆ కుదుపంతా కాడి మీదికి రాకుండా, ముందుగా తెగిపోయే ఒక మెత్తని పిన్ను ఉండాలి. ఇరుసును పశువు దాటుకుంటూ నడవవలసిన అగత్యం లేకుండా కాలువలో వేసి పలక కప్పాలి. వీటి ఖర్చు గేర్ల ఖర్చులో చిన్న భాగం.

‘గానుగెద్దు బతుకు’ అన్న మాట తెలుగులో ఊరికే పుట్టలేదు. బండి లాగే, బరువు మోసే పశువుల విషయంలో 1965 నాటి కేంద్ర నియమాలు రోజుకు మొత్తం 9 గంటలు, ఏకబిగిన 5 గంటలు మించరాదనీ, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించరాదనీ చెబుతున్నాయి. వేరుశనగ ఒలుపు వేసవి చివర వచ్చే పని. ఒకే వలయంలో మలుపు తిరుగుతూ నడవడం నేరుగా నడవడం కంటే అలసట కలిగిస్తుంది. కాబట్టి ఆ పరిమితిని కూడా తగ్గించి, తెల్లవారుజామున రెండు గంటలు, పొద్దువాలాక రెండు గంటలు అని లెక్కకట్టి యంత్రపు పరిమాణాన్ని నిర్ణయించాలి. పరీక్షా నివేదికలో గంటకు ఎన్ని కిలోలు ఒలిచినదీ రాస్తున్నారు. దాని పక్కనే పని మొదట్లోనూ చివరలోనూ ఎద్దు శ్వాస, నాడి, శరీర ఉష్ణోగ్రత, నాలుక వేలాడినదీ లేనిదీ, మెడ మీద ఒరిపిడి, గింజలో మొలక శాతం, మొదటి గేరు ఎన్నాళ్ళకు విరిగినదీ, దాన్ని బాగుచేసినది ఏ ఊరి మేస్త్రీయో కూడా రాయడం మొదలుపెట్టవలసి ఉన్నది.