మళ్లీ చెట్టెక్కిన సూపర్‌మ్యాన్

వానలు మొహం చాటేసిన ఏడు విరాటపర్వం ఆడిస్తే మేఘం కరుగుతుందని తెలుగు పల్లెల్లో పాత నమ్మకం. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం సీమలో అలాంటి నమ్మకానికి గిరాకీ ఎక్కువే ఉంటుంది మరి! ధర్మవరం దగ్గరున్న నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఊరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఎండ మాత్రం పాతదే.

విరాటపర్వం కథ అందరికీ తెలిసిందే. భీముడు వంటవాడు, అర్జునుడు బృహన్నల, ద్రౌపది సైరంధ్రి. తెల్లటి తెర, దాని వెనక దీపం, ముందు దుప్పట్లు కప్పుకుని కూర్చున్న జనం. జుట్టుపోలిగాడూ బంగారక్కా మధ్యమధ్యలో వచ్చి తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, నిద్రపోయేవాళ్లను లేపుతారు. ఏ అర్ధరాత్రో భీముడి చేతిలో కీచకుడు చస్తాడు. తెల్లారేసరికి చంపినవాడూ చచ్చినవాడూ కలిసి పెట్టెలోకి వెళ్లిపోతారు. మర్నాడు పక్క ఊళ్లో కీచకుడు మీసం మెలేస్తూ మళ్లీ హాజరు! పోలిగాడూ బంగారక్కా నిన్నటి జగడాన్ని మొదటినుంచీ అందుకుంటారు. 'వీడు నిన్ననే చచ్చాడు కదా' అని ఎవరూ అడగరు.

అమెరికా కామిక్స్ చదివే పిల్లలు మాత్రం అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది కూడా.

సూపర్‌మ్యాన్ సంగతే చూడండి. 1938లో పుట్టిన ఈ వీరుణ్ని డీసీ కామిక్స్ సంస్థ 1992 నవంబరులో చంపేసింది. డూమ్స్‌డే అనే రాక్షసుడితో తలపడి ఇద్దరూ కూలిపోయారు. ఆ సంచిక కోసం జనం దుకాణాల ముందు వరస కట్టారు. లక్షల కాపీలు చెల్లిపోయాయి. ఏడాది తిరక్కుండానే, 1993లో, ఆయనగారు లేచొచ్చేశారు! కెప్టెన్ అమెరికా 2007లో పోయాడు. 2009లో మొదలైన కథతో తిరిగొచ్చాడు.

స్పైడర్‌మ్యాన్‌ది ఇంకో విడ్డూరం. 1987లో మేరీ జేన్‌ను పెళ్లి చేసుకున్నాడు. సంసారంలో పడ్డ కుర్రాడి సాహసాలు ఎవరికి కావాలన్నది ప్రచురణకర్తల బెంగ. పోనీ విడాకులిప్పిద్దామా అంటే ఇంకా పెద్దవాడిలా కనిపిస్తాడాయె. దాంతో 2007లో ఓ పిశాచంతో బేరం కుదిర్చి, పెళ్లే జరగనట్టు చెరిపేశారు. ఇరవయ్యేళ్ల కాపురం... ఒక్క కథతో మాయం!

అజ్ఞాతవాసం విషయంలో పాండవులే నయం. వాళ్ల గడువు ఒక్క ఏడాది. కళ్లజోడు పెట్టుకుని పత్రికాఫీసులో క్లార్క్ కెంట్ పేరుతో తలదాచుకున్న సూపర్‌మ్యాన్‌కి ఎనభై ఏళ్లు దాటినా విముక్తి లేదు. 2019లో ధైర్యం చేసి ఆయన చేత లోకానికి నిజం చెప్పించారు. మూడేళ్లకే, 2022 చివర్లో, బద్ధశత్రువు లెక్స్ లూథర్ ద్వారా ఆ సంగతిని లోకం మరిచిపోయేలా చేశారు. మళ్లీ అదే కళ్లజోడు!

అద్దె ఇల్లు

ఎందుకీ తిప్పలు అంటే, ముందుగా డబ్బు. వందల సంచికలు నడిచిన కథలోకి కొత్త పాఠకుడు సులువుగా దూరలేడు. అందుకని అట్ట మీద 'ఒకటో సంచిక' అని వేసి మళ్లీ మొదలెడతారు. పుస్తకాలు దాచుకునేవాళ్లకూ ఆ ఒకటి మీదే మోజు. 2011లో డీసీ 52 పుస్తకాలను ఒకేసారి ఒకటో సంచికతో మొదలుపెట్టింది. మొదట్లో అమ్మకాలు ఎగిశాయి. తర్వాత పాత అభిమానుల సణుగుడు మిగిలింది. 2016లో పాత బంధాల్నీ పాత వాసననీ వెనక్కి తెచ్చుకున్నారు. సూపర్‌మ్యాన్ పుట్టిన 'యాక్షన్ కామిక్స్' అయితే ఆ కొత్త నంబర్లు వదిలేసి, 957 అంటూ పాత వరసే అందుకుంది.

అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1938లో సూపర్‌మ్యాన్ హక్కుల్ని 130 డాలర్లకు అమ్మేసుకున్నారు. అప్పట్నుంచీ ఆయన కంపెనీ సొత్తు. ఆ తర్వాత రాసినవాళ్లంతా అద్దెకు దిగినవాళ్లే. గోడలకు రంగు మార్చుకోవచ్చు, మేకులు కొట్టుకోవచ్చు. ఖాళీ చేసేటప్పుడు మాత్రం ఇల్లు ఎలా ఉన్నదో అలా అప్పగించాలి. సినిమాలో, బొమ్మల పెట్టె మీద, పిల్లాడి చొక్కా మీద ఉన్న మనిషే పుస్తకంలోనూ ఉండాలి కదా!

ఇటలీ రచయిత ఉంబెర్టో ఎకో 1962లోనే ఈ చిక్కును పట్టేశాడు. మనిషి ఏదైనా పని చేశాడంటే ఆ మేరకు వయసు కరిగి, చావుకు ఒక అడుగు దగ్గరైనట్టే. సూపర్‌మ్యాన్ అలా కరిగిపోకూడదు. కాబట్టి ఆయన కథల్లో కాలం కలలోలా మసకమసగ్గా ఉంటుందే తప్ప ముందుకు కదలదన్నది ఎకో మాట.

మన బేతాళుడూ అంతే

ఇదంతా అమెరికావాళ్ల మాయ అనుకుంటే పొరపాటే. సోమదేవుడి కథాసరిత్సాగరంలో బేతాళ కథలకు శుభ్రంగా ముగింపు ఉంది. చివరి చిక్కుప్రశ్నకు రాజు దగ్గర జవాబు ఉండదు. నోరు విప్పడు, మౌనం భంగం కాదు. బేతాళుడు మెచ్చి, భిక్షువు పన్నిన కుట్ర బయటపెడతాడు. కథ సమాప్తం. 1947 జులైలో మొదలైన 'చందమామ' మాత్రం ఆ ముగింపు దగ్గర ఆగలేదు. పాత కథలు అయిపోతే కొత్తవి పుట్టించింది. నెలనెలా రాజు చెట్టు దగ్గరికి వెళ్లడం, శవాన్ని దించడం, నోరు జారడం, బేతాళుడు మళ్లీ చెట్టెక్కడం... దశాబ్దాలు గడిచినా శంకర్ బొమ్మలో భుజాన శవం, చేతిలో కత్తి అలాగే ఉన్నాయి. తండ్రి చిన్నప్పుడు చదివిన రాజే కూతురికీ దొరికాడు. ముందు సంచిక చదివి ఉండాల్సిన అవసరమూ లేదు.

అయినా ఏ తెలుగు పిల్లాడూ మోసపోయానని చందమామను విసిరికొట్టలేదు. ఎందుకంటే రాజు మారతాడని చందమామ ఎన్నడూ మాటివ్వలేదు. కొత్తదనమంతా లోపలి కథలో, చివరి ప్రశ్నలో ఉండేది. నిమ్మలకుంట తెరా అంతే, కీచకుడు ఇక రాడని అది చెప్పదు. కామిక్స్ కంపెనీలేమో ప్రతిసారీ 'ఇక అంతా మారిపోతుంది' అని టముకు వేసి, శవపేటికతో పాఠకుణ్ని ఏడిపించి, డబ్బులు తీసుకుని, తర్వాత నాలుక కరుచుకుంటాయి. వీరుడు తిరిగి రావడం తప్పేం కాదు. ఆ ఏడుపును అమ్ముకోవడమే చిరాకు.

చందమామకు మాత్రం ఓ బాకీ మిగిలిపోయింది. 2013 వచ్చేసరికి పత్రికే ఆగిపోయింది. ఆ చివరి ప్రశ్న, రాజు మౌనం మనదాకా రానేలేదు. శవం ఇంకా చెట్టు మీదే ఉంది.

నిమ్మలకుంటలోనూ రాత్రంతా సాగే ఆటలు సినిమా, టీవీల ధాటికి తగ్గిపోయాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. బతుకుతెరువు మాత్రం చాలామందికి లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలే. అదే మేక తోలు, అవే సన్నటి చిల్లులు, అవే ఎరుపూ పచ్చా. ఆముదం దీపం ముందు సముద్రం దాటిన హనుమంతుడు ఇప్పుడు కరెంటు బల్బు చుట్టూ కదలకుండా కూర్చుంటున్నాడు. రాముడికీ, నెమలికీ కొనేవాళ్లున్నారు. కీచకుణ్ని ముందుగదిలో పెట్టుకుంటామని ఎవరడుగుతారు? అతను పెట్టెలోనే ఉంటాడు. మళ్లీ చావాలంటే వాన లేని ఊరేదో కబురు పెట్టాలి.