ఖజా రోజాల లెక్కలో దొరికే బీమారీ

రమ్‌జాన్ అయిపోయాక మన ఇళ్లలో ఆడవాళ్లకు ఒక హిసాబ్ మిగులుతుంది. హైజ్ రోజుల్లో వదిలేసిన రోజాలు ఎన్ని, వాటి ఖజా ఎప్పుడు తీర్చాలి అని. ఆ హిసాబ్‌లో పదిహేడేళ్ల పిల్ల ‘నాకేం బాకీ లేవమ్మీ, అన్నీ ఉన్నా’ అంటే మాషా అల్లాహ్ అని మురిసిపోతాం. అన్నీ ఎలా ఉండగలిగావు బేటీ అని మాత్రం అడగం. ఒక్క నెల తప్పినంత మాత్రాన బీమారీ కాదు. మరి ముందు నెల? అంతకు ముందు?

అన్నవరంలో హిందూ ఇళ్లలోనూ ఇదే కథ. రత్నగిరి మీద వ్రతమో పెళ్లో ఉందంటే తారీఖు చూసుకుని, నెలసరి వెనక్కి జరిపే గోలీలు తెచ్చుకుంటారు. అదే ఇంట్లో కూతురికి మూడు నెలలుగా తారీఖే రాకపోతే ఎవరికీ ఫికర్ ఉండదు. రోజా కోసమో, వ్రతం కోసమో లెక్క మనింట్లో ఉంది. పిల్ల సెహత్ కోసం ఆ లెక్క చూడటం లేదు. నా షికాయత్ అదే.

దీని పేరు పీసీవోఎస్. మనవాళ్లు ‘నీటి బుడగలు’ అంటారు. నిజానికి అవి బుడగలు కావు, పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన అండాల సంచులు. 1935లోనే స్టెయిన్, లెవెంథాల్ అనే అమెరికా డాక్టర్లు దీని గురించి రాశారు. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లలో నూటికి 10 నుంచి 13 మందికి ఇది ఉందని, వాళ్లలో 70 శాతం దాకా ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

నిషానీలు కళ్లముందే ఉంటాయి. పెద్దమనిషి అయిన మొదటి ఏడాది అటూ ఇటూ కావడం మామూలే. ఆ తర్వాత ఒక్కసారైనా 90 రోజులు దాటినా, మూడేళ్లు నిండాక కూడా 35 రోజులకు మించి ఆలస్యమవుతున్నా, ఏడాదికి ఎనిమిదిసార్ల కంటే తక్కువ వస్తున్నా చూపించాలి. గడ్డం కింద, పై పెదవి మీద ముదురు వెంట్రుకలు, తగ్గని మొటిమలు, నడినెత్తిన పలచబడే జుట్టు కూడా నిషానీలే. డాక్టర్ కంటే ముందు బ్యూటీ పార్లర్ ఆమెకే ఇది తెలుస్తుంది. మెడ వెనక నల్లబడితే మురికనుకుని శనగపిండితో రుద్దుతాం. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదన్న ఖబర్. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందన్నదీ గలత్, సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది.

కొత్తగా పెద్దమనిషి అయిన పిల్లలకు స్కాన్ ఒక్కటి చూసి పేరు పెట్టకూడదు. ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల అండాశయాలూ అలాగే కనిపించవచ్చు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేసి వేరే కారణాలు లేవని తేల్చుకోవాలి. షుగర్ కూడా చూడాలి.

ఇక మన మొహల్లా ఇలాజ్: ‘నిఖా అయితే అదే సర్దుకుంటుంది.’ సర్దుకోదు. పెళ్లయి రెండేళ్లకు కడుపు పండలేదని తానాలు మొదలయ్యాక గానీ ఆ అమ్మాయి దవాఖానా మొహం చూడదు. అప్పటికైనా ఆమె కోసం కాదు, ఖాందాన్ కోసం. నెలసరి ఏళ్ల తరబడి సరిగా రాకపోతే షుగర్ ఖత్రా పెరుగుతుంది, గర్భసంచి క్యాన్సర్ ఖత్రా కూడా. పెళ్లి చేసుకోని అమ్మాయికీ ఇవి తప్పవు. పూర్తిగా పోయే బీమారీ కాదు గానీ తిండి, నడక, డాక్టర్ రాసే గోలీలతో కాబూలో ఉంటుంది. కావాలనుకున్నవాళ్లలో చాలామందికి పిల్లలూ పుడతారు.

రిష్తా చెడుతుందని దాచేవాళ్లకు ఒక మాట. ఫిఖ్హ్ కితాబుల్లో హైజ్ మీద ఏకంగా ఒక బాబ్ ఉంటుంది, రోజుల లెక్కతో సహా. దీన్‌లో లేని షరమ్ మన దాలాన్‌లోకి ఎక్కడి నుంచి వచ్చింది? అబ్బాలూ, ఈ మాట మీక్కూడా. తునికో కాకినాడకో బస్సు చార్జీ, డాక్టర్ ఫీజు మీ జేబులోంచే రావాలి. అమ్మీ అడిగినప్పుడు ‘ఆడవాళ్ల మాటలు’ అని లేచి వెళ్లిపోకండి.