రక్తంలో భాస్వరం లెక్క రోగికి తెలియాలి

మూత్రపిండాలు చెడిపోయి వారానికి రెండు మూడు సార్లు డయాలిసిస్ కోసం కాకినాడ, రాజమండ్రి ఆసుపత్రులకు తిరుగుతున్న రోగులు గోదావరి జిల్లాల్లో తక్కువేమీ కాదు. మిషను మీద నాలుగు గంటలు పడుకుని వస్తే వైద్యం అయిపోయినట్టేనన్న భావం రోగుల్లోనూ, ఇంటివారిలోనూ ఉన్నది. ఇది ప్రమాదకరమైన భ్రమ. డయాలిసిస్ రోగుల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది గుండె జబ్బు. ఆ గుండె జబ్బుకూ, ఎముకల స్థితిని తెలిపే రక్తపరీక్షలకూ దగ్గర సంబంధం ఉన్నది.

చెడిన మూత్రపిండాలు భాస్వరాన్ని బయటకు పంపలేవు. విటమిన్ డి ని ఒంటికి పనికొచ్చేటట్టు మార్చలేవు. దానితో రక్తంలో కాల్షియం తగ్గుతుంది. అప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు పి.టి.హెచ్. అనే హార్మోనును అతిగా వదిలి, ఎముకల్లోని కాల్షియాన్ని లాగుతాయి. ఎముక గుల్లబారుతుంది. కాగు అడుగున గార కట్టినట్టు రక్తనాళాల గోడల్లో, గుండె కవాటాల్లో కాల్షియం, భాస్వరం పేరుకుంటాయి. బిరుసెక్కిన నాళాల్లోకి రక్తం తోయలేక గుండె అలసిపోతుంది.

అమెరికాలో 40 వేల మందికి పైగా డయాలిసిస్ రోగులను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో రక్తంలో భాస్వరం 5 మిల్లీగ్రాములు దాటిన కొద్దీ మరణాలు పెరిగినట్టు తేలింది. ఆరోగ్యవంతునిలో ఇది సుమారు 2.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది. అయితే ఒక్క అంకెను దించినంత మాత్రాన గుండె బాగుపడుతుందని అనుకోరాదు. పి.టి.హెచ్.ను తగ్గించే ఒక మందుపై 2012లో వెలువడిన పెద్ద పరీక్షలో మరణాలు తగ్గినట్టు స్పష్టంగా రుజువు కాలేదు. కనుక కాల్షియం, భాస్వరం, పి.టి.హెచ్., ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌లను కలిపి, నెల నెలకూ వస్తున్న మార్పును బట్టి వైద్యుడే నిర్ణయించాలి. కాల్షియం, భాస్వరం ఒకటి నుంచి మూడు నెలలకు, పి.టి.హెచ్. మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి చూడాలని 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నవి.

రక్తంలో భాస్వరాన్ని తేలికగా కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి లోకానికి ఇచ్చినవాడు మన భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు. నూరేళ్లు గడిచాయి. డి.ఏ.పి. బస్తాలో భాస్వరం 46 పాళ్లని చెప్పగల రైతుకు, డయాలిసిస్‌కు వెళ్తున్న తన తండ్రి రక్తంలో ఎంతున్నదో తెలియకపోవడం శోచనీయం.

ఒక విడత డయాలిసిస్‌లో పోయే భాస్వరం సుమారు 600 నుంచి 1000 మిల్లీగ్రాములు. ఒక్కరోజు తిండిలో వచ్చేదీ దాదాపు అంతే. తిండి ఏడు రోజులు, మిషను మూడు రోజులు! తిన్నదంతా ఒంటికి పట్టకపోయినా వారం తిరిగేసరికి నిల్వ మిగులుతుంది. అందుకే భాస్వరాన్ని పట్టి ఉంచే మాత్రలు ఇస్తారు. వాటిని అన్నంతో పాటే వేసుకోవాలి. పరగడుపున మింగితే ఆ పని జరగదు. నల్లని కూల్‌డ్రింకులు, నిల్వ ఉండేందుకు మందులు కలిపిన ప్యాకెట్ తిండి మానాలి. వాటిలోని భాస్వరం పప్పుదినుసుల్లోని దానికంటే ఎక్కువగా ఒంటికి పడుతుంది. ముళ్లతో నమిలే ఎండుచేపలూ తగ్గించాలి. అలాగని చేప, గుడ్డు పూర్తిగా మానేస్తే మాంసకృత్తులు అందక రోగి నీరసిస్తాడు. గుడ్డులో తెల్లసొన మేలు.

ప్రభుత్వం డయాలిసిస్‌ను ఉచితంగా చేయిస్తున్నది, పింఛను కూడా ఇస్తున్నది. సంతోషమే. అయితే ఈ పరీక్షల ఖర్చు, ఈ మాత్రల ఖర్చు ఏ రోగి జేబు మీదా పడకుండా చూడాలి. ప్రతి డయాలిసిస్ కేంద్రంలోనూ రోగికి ఒక పుస్తకం ఇచ్చి, ఈ నాలుగు అంకెలను తేదీలతో తెలుగులో రాసి, వాటి అర్థం ఇంటివారికి విడమరచి చెప్పే ఏర్పాటు జరగాలి. ఇందుకు కోట్లు అక్కర్లేదు, శ్రద్ధ ఉంటే చాలు. జిల్లా వైద్యాధికారులు ఇకనైనా ఈ విషయమై దృష్టి సారించాలి. రోగులు కూడా ఈసారి మిషను దగ్గరకు వెళ్లినప్పుడు "నా భాస్వరం ఎంత?" అని అడగడానికి మొహమాటపడరాదు.